మోకాళ్ళు పట్టని బల్ల

కొరుక్కుపేట రైల్వే గేటు పడితే
మా శాఖా గ్రంథాలయం కిటికీలు కాసేపు గలగలమంటాయి.
గూడ్సు బండి దాటాక
ఫ్యాను తన గోడు మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంటుంది.

ఉన్నవి రెండు గదులు.
ఒకదాంట్లో ఏనుగు బొమ్మ గోడ, జానెడెత్తు కుర్చీలు.
రెండోదాంట్లో పేపరు తాతలు,
గ్రూప్ ఫోర్‌కి నాలుగోసారి కూర్చోబోయే అన్నలు,
నిశ్శబ్దం అని రెండు భాషల్లో అరిచే బోర్డు.

నాలుగున్నరకి కార్పొరేషన్ స్కూలు వదిలితే
ఈ రెంటి మధ్య గుమ్మంలో నిలబడేవాడు ఢిల్లీబాబు.
పద్నాలుగేళ్ళు. మీసం ఇంకా పెన్సిలు గీతే.
చిన్న బల్ల కింద మోకాళ్ళు పట్టవు,
పెద్ద బల్ల దగ్గర మనిషి పట్టడు.
"ఏం పనిరా ఇక్కడ?" అనేవాడో తాత
పేపరు దించకుండానే.

అబద్ధమెందుకు, నేనూ అడిగాను.
రిజిస్టరులో ఓ గడి ఉంది, వచ్చిన కారణం అని.
అది నింపందే మూడేళ్ళు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.

ఒకరోజు వాడు రాశాడు: ఇల్లు చిన్నది.
ఆ కింద ఎస్తేరు: మీ పంపులో నీళ్ళొస్తాయి.
ఆ కింద ఎవరో, పేరు లేకుండా: తెలీదు.
నెలాఖరు లెక్కలో ముగ్గుర్నీ
"పఠనం" కింద వేసి పై ఆఫీసుకి పంపాను.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా తొలి దొంగలెక్క.
చెయ్యి వణకలేదు.

తర్వాత పాత వారపత్రికల బీరువా వెనక
చెదలు తిన్న కార్డు డ్రాయర్లు ఖాళీ చేయించాను.
పక్క కల్యాణమండపం వాళ్ళు పారేయబోతున్న
పొడుగు బల్లకి నా పర్సులోంచి రెండొందలు.
ఒక కాలు పొట్టి. కింద పాత గెజెట్టు మడిచి పెట్టాం.
గోడకో ప్లగ్గు కావాలని మూడు అర్జీలు.
పేరు రాసి బోర్డు కడదామంటే
"యువత అని రాస్తే రాం మేడమ్" అన్నారు.
కట్టలేదు.

ఢిల్లీబాబు పుస్తకం మొహమ్మీద కప్పుకుని నిద్రపోయేవాడు.
"లావుది ఇవ్వండి మేడమ్,
పల్చనిదైతే లైటు కొడుతోంది."
ఇచ్చాను. లేపలేదు.
ఆషాఢం గాలికి దుమ్ము లేచిన ఓ సాయంత్రం
అదే లావు పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టాడు, కోపంగా.
"నూట పన్నెండు తర్వాత నూట పదిహేడుంది.
మధ్యలో ఆ మనిషి ఎలా చచ్చాడు?"
నాకూ తెలీదన్నాను.
ఆ పూట వెనక బల్ల దగ్గర నలుగురూ కూడి
ఆ మనిషిని నాలుగు రకాలుగా చంపారు.
పేపరు తాత దించి, అవును, పేపరు దించి,
లేచొచ్చి ఐదో చావు చెప్పాడు.
అదే బాగుంది.

తెలుగు బీరువా తాళం నా గుత్తిలోనే ఉంది.
పదకొండేళ్ళుగా దాన్ని అడిగినవాళ్ళు లేరు.
ఎస్తేరుకి ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం.
వాళ్ళవ్వతో పోట్లాడేదీ, నవ్వేదీ తెలుగులోనే,
చదవడానికి మాత్రం ఒక్క అక్షరం రాదు.
అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ అడిగింది:
"ఇవన్నీ నెత్తిన టిక్కులు పెట్టుకున్నాయేం మేడమ్?
అన్నీ రైటేనా?"
తలకట్టు అంటారని చెబుదామనుకున్నాను.
తాళం తీశాను.

నిన్న మూసే వేళకి దీపాలార్పుతూ చూద్దును కదా,
బల్ల అంచున, కంపాసు ముల్లుతో,
ఎసేరు.
త వత్తు మర్చిపోయింది.
ప్రభుత్వ ఆస్తికి నష్టమని రాయడానికి
ఆ బల్ల స్టాకు రిజిస్టరులోనే లేదాయె.

అంతలో బయట గేటు పడింది.
గూడ్సు వెళ్ళేదాకా ఎలాగూ ఆవలికి పోలేను.
కుర్చీ కింద తన కంపాసు దొరికింది.
కూర్చున్నాను. నా మోకాళ్ళు పట్టాయి.
పెట్టెలు లెక్కపెట్టుకుంటూ
స కింద
మెల్లగా వత్తు చెక్కాను.